గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పాము పిల్లకు ఒంట్లో బాగోలేకపోతే ఏం చేయాలి

గుడ్డు చీల్చుకుని పాము పిల్ల బయటికొచ్చింది, మీరు సంబరపడ్డారు, తీరా దగ్గరగా చూస్తే పొట్ట కింద పసుపుపచ్చ ముద్దేదో వేలాడుతోంది. లేదా వెన్ను ఒకచోట వంకర తిరిగి ఉంది. లేదా తోడబుట్టినవన్నీ తింటుంటే ఇదొక్కటే మొహం తిప్పుకుంటోంది. ఇలాంటప్పుడు దాన్ని వెంటనే చేతిలోకి తీసుకుని ఏదో ఒకటి చేసెయ్యాలనిపిస్తుంది. ఆగండి. చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలంటారు కదా, పెంచేవాళ్లకు మాత్రం లెక్క తిరగబడుతుంది: పాము ఎంత చిన్నదైతే మన చేతులు అంత దూరంగా ఉండాలి. వెచ్చదనం, తేమ, చీకటి, ఈ మూడూ సరిగ్గా ఇచ్చి వదిలేస్తే చాలా పిల్లలు వాటంతటవే తేరుకుంటాయి. మిగిలినవాటికి డాక్టర్ కావాలి. మధ్యలో మనం చేసే సొంత వైద్యమే ఎక్కువసార్లు కొంప ముంచుతుంది, నేనూ ముంచబోయాను, ఆ ముచ్చట కిందే ఉంది.

ఇక్కడ చెప్పే అంకెలు కార్న్ స్నేక్, బాల్ పైథాన్ పిల్లలవి, ఎందుకంటే ఇళ్లలో పెరిగేవి ఎక్కువగా ఇవే. మీది వేరే జాతి అయితే దాని వేడి, తేమ లెక్కలు విడిగా కనుక్కోండి, పద్ధతి మాత్రం ఇదే. ఇంకో మాట, ఇదంతా పెంపకంలో పుట్టిన పిల్లల గురించే. పెరట్లో కనబడిన పాము పిల్లను తెచ్చి ఇవన్నీ చేయకండి, అది ఏ పామో తెలియకుండా ముట్టుకోనేవద్దు, విషప్పాము పిల్లకు పుట్టిన రోజు నుంచే విషం ఉంటుంది. మీరుండే చోట ఏ పామును పెంచుకోవచ్చో, ఏది కుదరదో చట్టం ముందే చూసుకోండి.

ముందు దాన్ని దానంతట అదే బయటికి రానివ్వండి

పాము గుడ్డు పెంకు కోడిగుడ్డులా పెళుసుగా ఉండదు, మెత్తటి తోలులా ఉంటుంది. పిల్ల పై పెదవి కొసన ఉండే బుల్లి పన్నుతో దాన్ని కోసి, ముక్కు బయటపెట్టి, అక్కడే కూర్చుంటుంది. ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు. చూసేవాళ్లకు టెన్షన్. ఇరుక్కుపోయిందేమో, ఊపిరాడట్లేదేమో అనిపిస్తుంది. నిజానికి అది ఊపిరితిత్తులతో గాలి పీల్చడం మొదలుపెట్టి, లోపల మిగిలిన పచ్చసొనను పొట్టలోకి లాక్కునే పనిలో ఉంటుంది. ఆ సొనే దానికి మొదటి రెండు వారాల తిండి.

నేను చేసిన తప్పు ఇక్కడే. ఒక కార్న్ స్నేక్ గుడ్డులో పిల్ల ముక్కు బయటపెట్టి ఇరవై గంటలు దాటింది, మిగతావన్నీ బయటికొచ్చి తిరుగుతున్నాయి, నేను గుడ్డు చీలికను కొంచెం పెద్దది చేసి మెడ దగ్గర పట్టుకుని "సాయం" చేశాను. వచ్చింది. దాంతోపాటు సగం బఠాణీ గింజంత పచ్చసొన, సన్నటి ఎర్రటి నరాలు పాకిన సంచితో సహా, పొట్టకు వేలాడుతూ వచ్చింది. ఇంకో పన్నెండు గంటలు ఊరుకుని ఉంటే అదంతా లోపలికి పోయేది.

కాబట్టి తల బయటపెట్టి, అప్పుడప్పుడూ నాలుక ఆడిస్తూ, మీరు వంగి చూడగానే గబుక్కున లోపలికి దూరే పిల్ల బాగున్నట్టే. దాని జోలికి వెళ్లకండి. రెండు రోజులు దాటినా రాకుండా, తాకితే కదలకుండా నీరసంగా పడి ఉంటేనే అనుభవమున్న డాక్టర్‌ను అడగండి.

ఆస్పత్రి డబ్బా

ఏ జబ్బైనా మొదటి పని ఇదే, అందుకే జబ్బుల కంటే ముందు చెబుతున్నాను. మూతున్న చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి, ఒకటి రెండు లీటర్లది చాలు, పక్కల నాలుగైదు సన్నటి రంధ్రాలు వేయండి. ఆ రంధ్రాల్లోంచి మీ పెన్సిల్ దూరితే పిల్ల తల కూడా దూరుతుంది, కాబట్టి అంతకంటే బాగా చిన్నవి. అడుగున తెల్లటి, వాసనా రంగూ లేని టిష్యూ పేపర్ మూడు నాలుగు మడతలు తడిపి, గట్టిగా పిండి పరవండి. వేలితో నొక్కితే చల్లగా తగలాలి గానీ నీళ్లు ఊరకూడదు. పైన ఇంకో తడి టిష్యూను నలిపి వదులుగా పడేస్తే దాని మడతల్లో పిల్ల దాక్కుంటుంది. రంపపు పొట్టు, కొబ్బరి పొట్టు, నాచు, ఇసుక ఏవీ వద్దు, తడి బొడ్డుకు అన్నీ అంటుకుంటాయి.

ఒక డబ్బాలో ఒక పిల్లే. తోడు ఉంటే బాగుంటుందని జాలిపడి ఇద్దర్ని కలపకండి, పాములకు తోడు అక్కర్లేదు, పైగా ఏది మలం వేసిందో, ఏది కక్కిందో మీకు తెలియదు.

వేడి విషయంలో అందాజా లెక్కలు పనికిరావు. కార్న్ స్నేక్ పిల్లకు డబ్బా లోపల 28 నుంచి 29 డిగ్రీలు, బాల్ పైథాన్‌కు 30 నుంచి 31. ఇది సెల్సియస్. కరెంటుతో వేడెక్కే హీట్ మ్యాట్‌ను డబ్బా బయట, అడుగున మూడో వంతు మేరే పెట్టి, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్‌కు కలపండి. వేడెక్కితే పిల్ల జరగడానికి చల్లటి మూల ఉండాలి. థర్మోస్టాట్ లేకుండా మ్యాట్ పెట్టడమంటే పొయ్యి మీద పెట్టినట్టే, పొట్ట కాలుతున్నా పాము లేచి పక్కకు పోతుందన్న నమ్మకం లేదు. బల్బులు, ఎండలో పెట్టడం, వేడి రాళ్లు, వీటి గురించి ఆలోచించనే వద్దు. థర్మోస్టాట్ వేడి కొలిచే తీగ, అంటే ప్రోబ్‌ను గాలిలో వేలాడదీయకుండా పిల్ల పడుకునే చోట, టిష్యూ కింద పెట్టండి. ఒక రాత్రి ఖాళీ డబ్బా నడిపి అంకె నిలకడగా ఉందో లేదో చూసుకుంటే మంచిది, కానీ జబ్బు చెప్పి రాదు కాబట్టి గుడ్లు పొదిగే రోజుల్లోనే ఒక డబ్బా సిద్ధంగా పెట్టుకోండి.

పైన గుడ్డ కప్పేయండి. టిష్యూ రోజూ మార్చండి. రోజుకు రెండుసార్లు చూడటం చాలు, గంటకోసారి మూత తీయకండి, మీరు తీసిన ప్రతిసారీ తేమ పోతుంది, వేడి పోతుంది, దానికి భయం పెరుగుతుంది.

బొడ్డు మూసుకోకపోతే, సొన వేలాడుతుంటే

గుడ్డులోంచి వచ్చిన పిల్లల విషయంలో పెంచేవాళ్లను ఎక్కువగా భయపెట్టేది ఇదే. పిల్లను వెల్లకిలా తిప్పకుండా, పారదర్శకంగా ఉన్న డబ్బాలోకి వదిలి కింద నుంచి చూడండి. పొట్ట పొలుసుల మధ్య, తోక వైపు, మలద్వారానికి కాస్త ముందు ఒక సన్నటి చీలిక కనబడుతుంది, అదే బొడ్డు. చిన్న చీలిక, పొడిగా ఉంది, చుట్టూ ఎరుపు లేదు అంటే మామూలే, వారం పది రోజుల్లో కలిసిపోతుంది. సన్నటి ఎండు దారంలాంటిది వేలాడుతుంటే అది ఎండిన బొడ్డుతాడు, దానంతట అదే రాలుతుంది. లాగొద్దు, కత్తిరించొద్దు.

సొన సంచి బయటే ఉంటే ఇలా చేయండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. పిల్లను ఎత్తాల్సి వస్తే ఒంటి మధ్యలో పట్టుకుని వేలాడదీయకండి, సంచి బరువుకే నరం చిరుగుతుంది, తడి టిష్యూతో సహా అరచేతి మీదికి జరపండి. సంచి కింద టిష్యూ ఎప్పుడూ తడిగానే ఉండాలి. తడి ఉన్నంతసేపే పిల్ల దాన్ని లోపలికి లాక్కోగలదు, ఎండిందా, కాగితానికి అతుక్కుపోతుంది, పిల్ల ముందుకు పాకగానే చిరుగుతుంది. నా పిల్ల విషయంలో రెండో రోజు పొద్దున ఇదే జరగబోయింది, టిష్యూ ఒక మూల ఆరిపోయి సంచి దానికి అంటుకుంది, పిల్ల పాకుతుంటే కాగితం ముక్క వెనకాలే ఈడ్చుకొస్తోంది. కాచి చల్లార్చిన గోరువెచ్చటి నీళ్లు చుక్కచుక్కగా పోస్తూ ఐదారు నిమిషాలు కూర్చున్నాను. అదే ఊడింది. ఆ ఐదు నిమిషాల్లో పట్టకారు తీసుకుని లాగేద్దామని నాకెన్నిసార్లు అనిపించిందో!

రోజుకోసారి పోవిడోన్ అయోడిన్‌ను పలచటి టీ రంగు వచ్చేంతగా నీళ్లలో కలిపి, దూదితో బొడ్డు చుట్టూ ఒక చుక్క అద్దొచ్చు. అంతే. సీసాలోంచి నేరుగా పోయకండి, ఒళ్లు మంట పుడుతుంది. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, నొప్పి తెలియకుండా చేసే మందు కలిసిన ఆయింట్‌మెంట్లు, నూనెలు ఏవీ వద్దు. పొట్ట లోపలికి దారి తెరిచి ఉన్న పుండు అది, మీరు పైన రాసేది లోపలికే పోతుంది.

మామూలుగా ఒకటి నుంచి మూడు రోజుల్లో సంచి చిన్నదైపోతుంది. కొంత లోపలికి పోతుంది, మిగిలింది గోధుమరంగు పొలుసులా ఎండి రాలుతుంది. రోజుకొక ఫోటో తీయండి, పక్కన ఏదైనా నాణెం పెట్టి, ఎందుకంటే రోజూ చూసే కంటికి తేడా తెలియదు.

అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సినవి వేరు: సంచి పిల్ల ఒంటి లావు కంటే చాలా పెద్దగా ఉండటం, చిరిగి సొన కారటం, రక్తం ఆగకపోవటం, కుళ్లు వాసన, బొడ్డు చుట్టూ పచ్చగా గానీ నీలంగా గానీ రంగు మారటం, పొట్ట వెనక భాగం గట్టిగా ఉబ్బి రోజురోజుకూ పెరగటం. ఆఖరిది ముఖ్యం, ఎందుకంటే బయట ఏమీ కనబడకుండానే లోపలికి పోయిన సొన అరగక కుళ్లొచ్చు. డాక్టర్ అవసరమైతే సంచిని దారంతో ముడేసి తీసేస్తారు, అది వాళ్ల పని. దారం కట్టి కోసెయ్యమని మీకెవరైనా చెబితే వినకండి, ఆ సంచిలోనే పేగు మడత కూడా జారి ఉండొచ్చు.

బొడ్డు పూర్తిగా మూసుకునేదాకా తిండి పెట్టకండి. లోతు నీళ్ల గిన్నె కూడా వద్దు, సీసా మూతంత గిన్నెలో నీళ్లు చాలు.

తూకం

వంటింట్లో వాడే త్రాసు కాదు, గ్రాములో పదో వంతు చూపించే డిజిటల్ త్రాసు కావాలి. కార్న్ స్నేక్ పిల్ల చాలావరకు 5 నుంచి 8 గ్రాములుంటుంది, పెన్సిల్ కంటే సన్నగా. బాల్ పైథాన్ పిల్ల దానికి ఎన్నో రెట్లు, 45 నుంచి 80 గ్రాముల దాకా. మూతున్న చిన్న డబ్బాను ముందు త్రాసు మీద పెట్టి సున్నా చేసి, అందులో పిల్లను వదలండి. వారానికోసారి, ఒకే వేళకు.

మొదటి భోజనం దాకా తూకం కొంచెం తగ్గడం సహజం, సొన కరుగుతోంది. పుట్టినప్పటి తూకంలో పదో వంతు పోతే జాగ్రత్త పడండి, అంటే 6 గ్రాముల పిల్ల 5.4కి వస్తే. పక్కనే ఒక నోట్‌బుక్ పెట్టుకోండి: తేదీ, తూకం, కుబుసం, మలం, తిన్నది, కక్కింది. డాక్టర్ మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్నలకు జవాబులు అవే.

ఒంట్లో నీరు తగ్గిందో లేదో

చర్మం పక్కల ముడతలు పడి ఉంటే, మెల్లగా చిటికెతో లేపి వదిలిన చర్మం వెంటనే కిందికి రాకపోతే, కళ్లు లోపలికి పోయినట్టుంటే, నోట్లో లాలాజలం జిగురు తీగల్లా సాగుతుంటే నీరు తగ్గినట్టే. తినని పిల్లల్లో సగం కథ ఇదే, తిండి కంటే ముందు నీళ్లు.

స్నానం పేరుతో గిన్నె నిండా నీళ్లు పోసి వదలకండి, నీరసంగా ఉన్న పిల్ల మునిగిపోతుంది. గోరువెచ్చగా, 28 నుంచి 30 డిగ్రీల్లో, పొట్ట తడిసేంత లోతు, పదిహేను నిమిషాలు, మీరు పక్కనే కూర్చుని. బొడ్డు తెరిచి ఉంటే ఇది కూడా వద్దు, తడి టిష్యూ డబ్బాలో ఉంటే చాలు. పాలు పోయకండి, పాలను పాము అరిగించుకోలేదు, విరేచనాలు పట్టుకుని ఉన్న నీరూ పోతుంది. సిరంజితో నోట్లోకి నీళ్లు కొట్టకండి, పాముకు గాలిగొట్టం నోటి అడుగునే, నాలుక ఒర వెనకాలే తెరుచుకుంటుంది, ఒక్క చుక్క అటు పోయినా న్యుమోనియా.

మొదటి కుబుసం

పుట్టిన వారం నుంచి రెండు వారాల్లోపు మొదటి కుబుసం విడుస్తుంది. దానికి ముందు రంగు మసకబారి, కళ్లు పాలు పోసినట్టు తెల్లబడతాయి, కంటిజబ్బు అనుకుని హడావుడి పడకండి. ముక్కలు ముక్కలుగా వస్తే తేమ చాలలేదని అర్థం. తడి టిష్యూ పొరల మధ్య పిల్లను అరగంట పాకనిస్తే ఆ రాపిడికే చాలావరకు ఊడిపోతుంది.

రెండు చోట్ల మాత్రం కాస్త నిలబడి చూడండి. తోక కొసన పాత చర్మం ఉంగరంలా బిగుసుకుంటే రక్తం ఆడక ఆ కొస నల్లబడి చచ్చిపోతుంది, దాన్ని తడి దూదితో తోక చివర వైపే మెల్లగా నిమరండి. రెండోది కళ్ల మీది పొర. పాముకు కనురెప్పలుండవు, కంటి మీద అద్దంలాంటి పొలుసు ఉంటుంది, కుబుసంతో అదీ ఊడాలి. ఊడకపోతే గోటితో, పట్టకారుతో, టేపుతో ఎన్నడూ గీకకండి, కింద ఉన్న కొత్త పొర కూడా వచ్చేసి కన్నే పోతుంది. తేమ పెంచి తర్వాతి కుబుసం దాకా ఆగొచ్చు, అప్పుడూ రాకపోతే డాక్టర్.

విడిచిన కుబుసాన్ని పారేసే ముందు తల భాగం వెలుతురుకు పట్టి చూడండి, రెండు గుండ్రటి కళ్లద్దాలు కనబడాలి.

తినని పిల్ల

కుబుసం విడిచిన రెండు మూడు రోజులకు మొదటి భోజనం. కార్న్ స్నేక్‌కు బొచ్చు రాని ఒకటి రెండు రోజుల చిట్టెలుక పిల్ల, పింకీ అంటారు. బాల్ పైథాన్‌కు బొచ్చు వచ్చి కళ్లు తెరిచిన చిట్టెలుక పిల్ల, లేదా ఆ సైజు ఎలుక పిల్ల. లావు, పాము ఒంట్లో అన్నిటికంటే లావైన చోటుకు సమానంగా ఉంటే చాలు, జబ్బు పిల్లకు దానికంటే తక్కువే పెట్టండి. ఫ్రీజర్‌లోది అయితే రాత్రి ఫ్రిజ్‌లో కరగనిచ్చి, సంచిలో కట్టి వేడినీళ్లలో పెట్టి, చివరికి పైన 37, 38 డిగ్రీలు తగిలేలా ఇవ్వండి. మైక్రోవేవ్ వద్దు, బయట చల్లగా లోపల ఉడికిపోయి, పాము నోట్లోనే పగులుతుంది.

ముట్టుకోలేదా? ఐదు రోజులు వదిలేయండి. నిజంగా వదిలేయండి. రోజూ ముక్కు ముందు ఎలుకను ఆడిస్తే దానికి ఎలుకంటేనే భయం పట్టుకుంటుంది. తర్వాతి ప్రయత్నం సాయంత్రం చీకటి పడ్డాక: అరచేతిలో పట్టేంత చిన్న మూత డబ్బాలో పింకీని, పిల్లను కలిపి పెట్టి, వెచ్చటి చోట ఉంచి, రాత్రంతా తీయకండి. ఇరుకు చోటు చాలా పిల్లలకు ధైర్యం ఇస్తుంది. అదీ కాకపోతే పింకీని సబ్బుతో కడిగి, సబ్బు మిగలకుండా బాగా శుభ్రం చేసి, దాని సొంత వాసన పోగొట్టి ఇవ్వండి, లేదా చనిపోయిన పింకీ తల మీద చిన్న గాటు పెట్టండి, వినడానికి బాగోదు గానీ మెదడు వాసనకు పట్టేస్తుంది. బాల్ పైథాన్ పిల్లలు వారాల తరబడి ఉపవాసం ఉండి హఠాత్తుగా ఓ రాత్రి తినేస్తాయి, తూకం నిలబడితే వాటి మీద కోపం తెచ్చుకోనక్కర్లేదు.

నోరు తెరిచి బలవంతంగా తినిపించే పని వీడియోలు చూసి చేయొద్దు. దవడ ఎముకలు వెంట్రుకలంత సన్నగా ఉంటాయి. నీరు తగ్గి చల్లబడ్డ పిల్ల పొట్టలోకి తిండి తోస్తే అది అరగదు, కుళ్లుతుంది. తూకం పడిపోతుంటే, నాలుగైదు ప్రయత్నాలూ పోతే, డాక్టర్ గానీ చేయి తిరిగిన పెంపకందారు గానీ చేసి చూపించాలి.

తిన్నది కక్కితే మర్నాడే మళ్లీ పెట్టాలన్న తొందర అస్సలు వద్దు. కక్కినప్పుడు గొంతులోని పొరా, పొట్టలోని రసాలూ దెబ్బతింటాయి. పది నుంచి పద్నాలుగు రోజులు నీళ్లు తప్ప ఏమీ ఇవ్వకండి, ఆ తర్వాత ముందు పెట్టినదాంట్లో సగం సైజు. చలి, పెద్ద ఎర, తిన్న వెంటనే ఎత్తి ఆడించడం, ముఖ్య కారణాలు ఇవే, తిన్నాక 48 గంటలు చేత్తో తాకకండి. రెండోసారీ కక్కితే లోపల ఇన్ఫెక్షన్ అనుకుని మలం నమూనాతో వెళ్లండి.

ఆగకుండా వెళ్లాల్సినవి

నోరు తెరుచుకుని ఊపిరి తీయడం, ముక్కు దగ్గర బుడగలు, తల పైకెత్తి మెడ చాచి పడుకోవడం, ఊపిరిలో గుర్రు. నోటి అంచున పెరుగు తరకల్లాంటి చీము, చిగుళ్ల మీద ఎర్ర చుక్కలు. మలద్వారంలోంచి ఎర్రటి కండ బయటికి రావడం, దీన్ని తడి టిష్యూతో కప్పి తడి ఆరకుండా తీసుకెళ్లండి. ఒంటి మీదా నీళ్ల గిన్నెలోనూ మిరియాల పొడిలాంటి కదిలే నల్లటి చుక్కలు, అవి రక్తం తాగే పురుగులు, 6 గ్రాముల పిల్లకు అవి తాగే రక్తమే ఎక్కువ. పెద్ద పాముల కోసం అమ్మే పురుగుల స్ప్రేను పిల్లల మీద కొట్టకండి, పురుగుల కంటే ముందు పిల్లే పోతుంది.

వెళ్లేముందు ఫోన్ చేసి పాములను చూస్తారా అని అడగండి. కుక్కలూ పిల్లుల డాక్టర్లందరికీ పాముల అనుభవం ఉండదు, అది వాళ్ల తప్పూ కాదు. పిల్లను చిన్న డబ్బాలో, దాన్ని గుడ్డ చుట్టిన పెద్ద పెట్టెలో, పక్కన గుడ్డలో చుట్టిన వేడినీళ్ల సీసాతో, డబ్బాకు తగలకుండా. నోట్‌బుక్, ఫోటోలు, ఊపిరి తీసే వీడియో, తాజా మలం తీసుకెళ్లండి.

మందుల గురించి ఒక్క లెక్క చూపిస్తాను. కిలోకు 20 మిల్లీగ్రాముల చొప్పున వాడే మందు ఏదైనా ఉందనుకోండి. 6 గ్రాముల పిల్లకు కావాల్సింది 0.12 మిల్లీగ్రాములు. సీసాలో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుంటే తీయాల్సింది 0.0012 మిల్లీలీటర్లు, అంటే ఒక చుక్కలో దాదాపు నలభయ్యో వంతు. ఏ సిరంజితో తీస్తారు? అందుకే డాక్టర్ దాన్ని పలచన చేసి ఇస్తారు, అందుకే "మా పాముకు ఇదే వాడాం" అన్న సలహా మీ పిల్లకు పనికిరాదు. ఎంత, ఎన్ని రోజులకోసారి, ఒంట్లో ఏ చోట అన్నది కాగితం మీద రాయించుకోండి. పాములకు కొన్ని యాంటీబయాటిక్స్ రోజూ కాదు, రెండు మూడు రోజులకోసారే ఇస్తారు, మర్చిపోయారేమో అని మీరు మధ్యలో ఒకటి కలపకండి. మందు నడుస్తున్నన్ని రోజులూ డబ్బా వేడి తగ్గకూడదు, చల్లబడ్డ పాములో మందు సరిగ్గా పని చేయదు.

పుట్టుకతో వచ్చినవి

తోక దగ్గర చిన్న వంకర, ఒక కన్ను లేకపోవడం, వీటితో పాములు హాయిగా బతుకుతాయి. వెన్ను చాలా చోట్ల మెలి తిరిగి ఉంటే ఎర కిందికి దిగదు, మలం బయటికి రాదు, అప్పుడు ఎక్స్‌రే చూసి డాక్టర్ చెప్పే మాట వినాల్సిందే. నొప్పి లేకుండా పంపించాల్సి వస్తే అది కూడా డాక్టర్ ఇంజెక్షన్‌తోనే. ఫ్రీజర్‌లో పెట్టడం దయ కాదు.

తల వణుకుతూ, వెల్లకిలా తిరిగిపోతూ, ఎరను గురి తప్పి కొరికే బాల్ పైథాన్ పిల్ల అయితే దాని తల్లిదండ్రుల రంగు రకం అడగండి. స్పైడర్ అనే రకంలో ఇది జన్యువుతోనే వస్తుంది, లోపలి చెవి నిర్మాణంలోనే లోపం ఉందని 2022లో వచ్చిన స్కానింగ్ అధ్యయనం చూపించింది. దీనికి మందు లేదు. పిల్లను బెదరగొట్టకుండా, ఎత్తు కొమ్మలు పెట్టకుండా, ఎరను పట్టకారుతో నోటి దగ్గరికే ఇస్తూ పెంచుకోవచ్చు, దాని నుంచి మళ్లీ పిల్లల్ని మాత్రం తీయకండి. ఆ రకం కాకుండా కొత్తగా వణుకు మొదలైతే డబ్బా వేడి ముందు చూడండి, అతి వేడికీ ఇలాగే అవుతుంది, తర్వాత డాక్టర్.

మీ చేతులు

పిల్లను ముట్టుకోకముందు కడగండి, ముట్టుకున్నాక ఇంకా శ్రద్ధగా కడగండి. ఆరోగ్యంగా కనిపించే పాము మలంలోనూ, మనకు విరేచనాలు, జ్వరం తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు. డబ్బాలు వంటింటి సింక్‌లో కడగొద్దు, ఐదేళ్లలోపు పిల్లల చేతికి పామునివ్వొద్దు. ఇంట్లో వేరే పాములుంటే వాటి పని ముందు ముగించి, జబ్బుదాని డబ్బా చివర్లో తెరవండి, వాటి పట్టకార్లు వేరు, దీని పట్టకారు వేరు.

ఎప్పుడు మామూలు పెట్టెలోకి

బొడ్డు మూసుకుని, ఒక కుబుసం పూర్తిగా విడిచి, మూడు భోజనాలు కక్కకుండా అరిగించుకుని, మలం గట్టిగా ముదురు రంగులో, పక్కన తెల్లటి సుద్దలాంటి ముక్కతో వస్తుంటే పెట్టె మార్చొచ్చు. అన్నీ ఒకే రోజు మార్చకండి: ముందు అదే టిష్యూతో పెద్ద పెట్టె, అక్కడ ఒక భోజనం తిన్నాక టిష్యూ తీసి పొట్టు. పెద్ద ఖాళీ పెట్టెలో బుల్లి పాము బెదిరి తిండి మానేస్తుంది, కాబట్టి దూరడానికి రెండు మూడు ఇరుకు చోట్లు ఉంచండి.

నా పిల్ల గుడ్డులోంచి వచ్చిన రోజు 5.8 గ్రాములు. మూడో రోజుకు సంచి ఎండి రాలింది, పదకొండో రోజు కుబుసం, పింకీ మాత్రం మూడో ప్రయత్నానికి, ఇరవై ఆరో రోజు రాత్రి పట్టింది, అప్పటికి తూకం 5.3, నాకు నిద్ర లేదు. పొట్టులోకి మార్చిన మొదటి రాత్రంతా కనబడలేదు. తవ్వి చూద్దామా అనుకుని చేతులు కట్టుకుని కూర్చున్నాను. పొద్దున చూస్తే ఓ మూల పొట్టులోంచి ముక్కు ఒక్కటే బయటపెట్టి నాలుక ఆడిస్తోంది.